కుదురులేని మనసుకి ధ్యానం: ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లు ఎలా మొదలుపెట్టాలి

వెన్ను నిటారుగా పెట్టి, కళ్లు మూసుకుని, ఇరవై నిమిషాలు ఊపిరినే గమనించండి. ధ్యానం నేర్పే చోట మొదట వినిపించే మాట చాలాసార్లు ఇదే. దృష్టి నిలపడం, కుదురుగా ఉండడం కష్టమయ్యే ఏడీహెచ్‌డీ అనే స్థితి ఉన్నవాళ్లు దీన్ని ఉన్నదున్నట్టు పాటించబోతే రెండో నిమిషానికి కాలు ఊగడం మొదలవుతుంది. మూడో నిమిషానికి కరెంటు బిల్లు గుర్తొస్తుంది. ఐదో నిమిషానికి చెయ్యి ఫోన్ మీద ఉంటుంది. నాలుగు రోజులు ఇలా గడిచాక 'ధ్యానం నావల్ల కాదు' అని తేల్చేసుకుంటారు. నిజానికి వాళ్లకి అందిన పద్ధతే తప్పు. కదలకుండా ఉండడం, ఆసక్తి లేనిదాన్ని పట్టుకుని ఉండడం, చాలాసేపు ఉండడం... ఏడీహెచ్‌డీ మెదడుకి ఏ మూడు కష్టమో ఆ మూడింటినీ కలిపి మొదటి పాఠంగా పెట్టారు.

పద్ధతి మారిస్తే పని జరుగుతుంది. జాన్ కబాట్-జిన్ 1979లో అమెరికాలో మొదలుపెట్టిన ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణంలో జరుగుతున్నదాన్ని గమనించే సాధన) కోర్సులో ఇంటి దగ్గర సాధన రోజుకి 45 నిమిషాల దాకా ఉంటుంది. అక్కడి కాలిఫోర్నియా యూనివర్సిటీ (యూసీఎల్‌ఏ) పరిశోధకులు ఏడీహెచ్‌డీ ఉన్న పెద్దలకి, టీనేజీ పిల్లలకి ఎనిమిది వారాల కోర్సు తయారుచేసి 2008లో ఫలితాలు ప్రచురించారు. అందులో సాధన 5 నిమిషాలతో మొదలై, మెల్లగా 10కి, చివరికి 15కి చేరుతుంది. కూర్చోలేనివాళ్లు నడుస్తూ చేయొచ్చు. చేరినవాళ్లలో ఎక్కువమంది కోర్సు పూర్తిచేశారు. 2019లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన మరో అధ్యయనంలో 120 మంది పెద్దలు పాల్గొన్నారు. మామూలు చికిత్సకి తోడుగా మైండ్‌ఫుల్‌నెస్ నేర్చుకున్నవాళ్లలో లక్షణాలు తగ్గాయి, ఆరు నెలల తర్వాత కూడా ఆ మేలు నిలిచింది. 'తోడుగా' అన్న మాట గుర్తుపెట్టుకోండి. డాక్టర్ రాసిన మందుల స్థానంలో ధ్యానం పెట్టుకోకూడదు. ధ్యానం మొదలుపెట్టాం కదా అని మందులు ఆపేయకూడదు, మోతాదు సొంతంగా తగ్గించకూడదు.

ఏం సాధన చేస్తున్నాం?

దృష్టిని ఒకచోట పెడతాం. అది జారిపోతుంది. జారిందని కాసేపటికి తెలుస్తుంది. మళ్లీ వెనక్కి తెస్తాం. ఈ నాలుగింటిలో సాధన ఉన్నది మూడో చోట, జారిందని తెలిసిన క్షణంలో. మూడు నిమిషాల్లో ఇరవైసార్లు జారి ఇరవైసార్లు తెలిస్తే, ఆ ఇరవైసార్లూ పని జరిగినట్టే. ఒక్కసారి కూడా తెలియకుండా మూడు నిమిషాలూ పగటికలలో గడిచిపోతే, బయటికి ఎంత ప్రశాంతంగా కనిపించినా పని జరగలేదు.

ఏడీహెచ్‌డీ అంటే దృష్టి అసలు లేకపోవడం అనుకుంటారు. నచ్చిన పనిలో పడితే భోజనం కూడా మరిచి ఆరు గంటలు కూర్చునేదీ వీళ్లే. ఇబ్బంది దృష్టిని కావలసినప్పుడు కావలసిన చోటికి మళ్లించడంలో ఉంది. మనం ఏ పనీ చేయనప్పుడు, ఊహల్లో ఉన్నప్పుడు మెదడులో డీఫాల్ట్ మోడ్ నెట్‌వర్క్ అనే వ్యవస్థ చురుగ్గా ఉంటుంది. పనిలో దిగగానే అది సద్దుమణగాలి. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లలో అది సరిగా సద్దుమణగదని మెదడు స్కాన్‌ల పరిశోధనలు చెబుతున్నాయి. పాఠం వింటూ ఉండగానే ఊహ నడుస్తూ ఉండేది అందుకే. దీన్ని బద్ధకం కింద జమకట్టి తిట్టడం వల్ల ఒరిగేది ఏమీ లేదు. తనను తాను తిట్టుకోవడం వల్ల కూడా అంతే, పైగా ఆ తిట్టుకోవడం ఇంకో ఆలోచనగా మారి మరో రెండు నిమిషాలు తినేస్తుంది.

ఆధారాన్ని ఎంచుకోవడం

దృష్టి ఆనడానికి ఒక ఆధారం కావాలి. అందరూ ఊపిరినే చెబుతారు. అది చాలా సున్నితమైన స్పర్శ, ఏడీహెచ్‌డీ మెదడుకి చాలకపోవచ్చు. పైగా గమనించడం మొదలుపెట్టగానే కొందరు తెలియకుండా ఊపిరిని బలవంతంగా నడిపిస్తారు. ఛాతీ బిగుస్తుంది, ఆదుర్దా పెరుగుతుంది. కాబట్టి మొదటిరోజు ఈ నాలుగింటినీ ఒక్కో నిమిషం చొప్పున ప్రయత్నించండి.

అరికాళ్లు: చెప్పులు లేకుండా నిలబడి, నేల తగిలే చోట్లు గమనించాలి.

శబ్దాలు: ఫ్యాను, వీధిలో ఆటో, పక్కింటి కుక్కర్ విజిల్, ఏది వినిపిస్తే అది. శబ్దం ఎక్కడి నుంచో, ఎందుకో వెతకకుండా, మొదలవడం, ఆగిపోవడం మాత్రం వినాలి.

చేతులు: ఇంట్లో జపమాల ఉంటే చాలా మంచిది. ఒక్కో పూస మీద ఒక్కో ఊపిరి. 108 ఎక్కువ, 27 పూసలు చాలు. మంత్రం అనేవాళ్లు అనుకోవచ్చు, లేకపోయినా నష్టం లేదు. పూస వేళ్ల మధ్య తిరగడం తెలియాలి, అంతే. మాల లేకపోతే గరుకుగా ఉన్న చిన్న రాయి సరిపోతుంది.

ఊపిరి: పొట్ట మీద చెయ్యి వేసుకుని, చెయ్యి పైకి కిందికి కదలడాన్ని పట్టుకోవాలి. ముక్కు దగ్గర గాలిని పట్టుకోవడం కంటే ఇది తేలిక.

'ప్రశాంతంగా అనిపించింది' అన్న లెక్కన ఎంచుకోకండి. దృష్టి జారినప్పుడు ఏ ఆధారం దగ్గర త్వరగా తెలిసిందో చూసుకుని దాన్నే తీసుకోండి. ఎక్కువమందికి అది కదలికతోనో స్పర్శతోనో ఉన్నదై ఉంటుంది. కళ్లు తెరిచే ఉంచొచ్చు. నాలుగడుగుల ముందు నేల మీద చూపు ఆనితే చాలు.

నడక: ముందు నేర్చుకోవలసింది ఇదే

మా సలహా అడిగితే ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లు కూర్చునే ధ్యానం కంటే ముందు నడక నేర్చుకోవాలి. ఇది ఎవరో కనిపెట్టిన సర్దుబాటు కాదు. బౌద్ధ సంప్రదాయంలో నడవడం, నిలబడడం, కూర్చోవడం, పడుకోవడం నాలుగూ ధ్యానానికి పనికొచ్చే భంగిమలే.

పది పన్నెండు అడుగుల చోటు చాలు: వరండా, డాబా, హాస్టల్ కారిడార్, మంచానికి గోడకి మధ్య సందు. ఫోన్‌లో మూడు నిమిషాల టైమర్ పెట్టి, ఆ ఫోన్‌ని నడిచే దారికి దూరంగా, తెర కిందికి వచ్చేలా బోర్లించండి. నోటిఫికేషన్లు రాకుండా ముందే ఆపండి. చెప్పులు తీసేయండి.

మామూలు నడకలో సగం వేగంతో మొదలుపెట్టండి. మడమ ఆనగానే గచ్చు చల్లదనం తగులుతుంది. బరువు అరికాలి బయటి అంచు మీదుగా ముందుకి జారి బొటనవేలి మొదట్లోకి చేరుతుంది. అప్పుడు వెనక కాలి మడమ లేస్తుంది, ఒక్క క్షణం ఒంటికాలి మీద ఒళ్లు అటూ ఇటూ సర్దుకుంటుంది. మొత్తం ఇదే. 'ఆనింది, జరిగింది, లేచింది' అని పెదాలు కదిలేలా మెల్లగా అనుకోవచ్చు. ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకి మాట బయటికి అనుకోవడం చాలా సాయపడుతుంది, ఎందుకంటే మనసులో చెప్పుకునే సూచన మధ్యలోనే మరుపులోకి జారిపోతుంది.

చివరికి చేరాక వెంటనే తిరగకండి. రెండు కాళ్లూ కలిపి ఒక ఊపిరి ఆగి, అప్పుడు తిరగండి. దృష్టి ఎక్కువగా తప్పిపోయేది ఈ మలుపు దగ్గరే, ఎందుకంటే అక్కడ ఒక పని అయిపోయినట్టు అనిపిస్తుంది. అందుకే మలుపుని పరీక్షగా వాడుకోండి. ఆగిన ప్రతిసారీ 'ఇప్పుడు మనసు ఎక్కడుంది?' అని ఒక్కసారి అడగండి. ఆఫీసులో ఉంటే 'ఆలోచన' అని పేరు పెట్టి పాదానికి వచ్చేయండి. పేరు ఒక్క మాటే ఉండాలి: ఆలోచన, ప్లాను, బెంగ, పాట. పేరు పెట్టడానికి రెండో వాక్యం కావాల్సి వచ్చిందంటే మళ్లీ కథలోకి దిగినట్టే.

చాలా మెల్లగా నడిస్తే విసుగొస్తుంది. విసుగొస్తే వేగం పెంచండి, తప్పేమీ లేదు. ఒళ్లు మరీ ఉడుకుగా ఉన్న రోజు ముందు రెండు నిమిషాలు వడివడిగా నడిచో, మెట్లు ఎక్కి దిగో, ఆ తర్వాత నెమ్మదించండి.

ఎంతసేపు, ఎన్నాళ్లు

మొదటి వారం రోజుకి 3 నిమిషాలు. ఏడు రోజుల్లో ఐదు రోజులు జరిగితే రెండో వారం 5 నిమిషాలు. జరగకపోతే 3 దగ్గరే ఉండండి, లేదా 2కి దిగండి. నాలుగైదు వారాలయ్యాక 10, ఆ తర్వాత 15. అక్కడితో ఆగిపోయినా మేలే. పది నిమిషాలు ఒకేసారి కుదరకపోతే ఐదైదుగా రెండుసార్లు చేయండి.

మొదటిరోజు ఉత్సాహంలో 40 నిమిషాలు చేసేవాళ్లే రెండోవారానికి మానేసేది. కొత్తది ఏదైనా ఏడీహెచ్‌డీ మెదడుకి ఊపునిస్తుంది. ఆ ఊపు ఎంతసేపు ఉంటే అంతసేపు చేయాలనిపిస్తుంది, అది దిగగానే చేయడానికి కారణమే కనిపించదు. కాబట్టి ఇంకా చేయాలని ఉన్నప్పుడే టైమర్ ప్రకారం ఆగండి.

గుర్తుండడమే అసలు చిక్కు

ధ్యానం చేయడం కంటే చేయాలని గుర్తుండడం కష్టం. 'రేపటి నుంచి పొద్దున్నే' అన్న నిర్ణయం రాత్రికే ఆవిరైపోతుంది. అలారం కూడా ఎక్కువకాలం పనిచేయదు. మోగినప్పుడు మనం వేరే పనిలో ఉంటాం, వేలు దాన్ని ఆపేస్తుంది, ఆపినట్టు గుర్తు కూడా ఉండదు. జ్ఞాపకం మీద ఆధారపడకుండా, ఎలాగూ రోజూ జరిగే పనికి దీన్ని తగిలించండి. పళ్లు తోముకున్నాక, కాఫీ డికాక్షన్ దిగేలోపు, బండి తాళం తీసుకునే ముందు, స్నానం చేసి వచ్చాక. 'పొద్దున' అనేది సమయం, అది జారిపోతుంది. 'బ్రష్ కప్పులో పెట్టగానే' అనేది సంఘటన, అది కంటికి కనిపిస్తుంది.

కంటికి అడ్డంగా ఒక వస్తువు ఉంచితే ఇంకా మంచిది: జపమాలను బండి తాళం కొక్కేనికే తగిలించండి, వరండాలో నడిచే చోట చాప పరిచి ఉంచండి. రెండు మూడు వారాలకి ఆ వస్తువు ఇంట్లో మిగతా సామానులో కలిసిపోయి కనిపించడం మానేస్తుంది. మామూలే, చోటు మార్చండి. రంగు మార్చినా పనిచేస్తుంది. ఆధారం విసుగొస్తే ఆధారం కూడా మార్చొచ్చు, కాకపోతే సాధన మధ్యలో మార్చకండి, రేపటికి మార్చండి.

ఇంకొక మనిషి తోడుంటే ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకి చాలా పనులు సాగుతాయి. అక్కనో స్నేహితుణ్ణో వీడియో కాల్‌లో పెట్టుకుని, ఇద్దరూ మాట్లాడకుండా ఐదు నిమిషాలు నడిస్తే సరి. అమెరికాలో ఉన్న తమ్ముడికి అది రాత్రి, మీకు పొద్దున, అయినా కుదురుతుంది.

మధ్యలో వచ్చే మంచి ఐడియా

నడుస్తుండగా తప్పకుండా ఒక ముఖ్యమైన విషయం గుర్తొస్తుంది. గ్యాస్ బుక్ చేయాలి, బాస్‌కి మెయిల్ పెట్టాలి. 'వదిలేయండి' అని చెప్పడం తేలికే, కానీ వదిలేస్తే మళ్లీ గుర్తురాదన్న భయం వీళ్ల విషయంలో నిజం. అనుభవంతో వచ్చిన భయం అది. దానితో పోట్లాడకుండా పక్కన కాగితం, పెన్ను పెట్టుకోండి. ఒకే ఒక్క మాట రాయండి: 'గ్యాస్'. వెంటనే పాదానికి రండి. ఫోన్‌లో రాసుకోవద్దు. ఫోన్ తెరిస్తే ఆ సాధన అక్కడితో ముగిసినట్టే.

రోజు మధ్యలో వాడుకోవడం

పొద్దున చేసే ఐదు నిమిషాల ఫలం కనిపించాల్సింది మధ్యాహ్నం. అందుకు చిన్న వరుస ఒకటి పెట్టుకోండి: ఆగు, ఊపిరి, చూడు, కదులు. చేస్తున్న పని ఆపాలి. ఒకసారి ఊపిరి తీసి, తీసినదానికంటే నెమ్మదిగా వదలాలి. ఒంట్లో ఎక్కడ బిగువుంది, ఏం చేయబోతున్నాను అని చూడాలి. అప్పుడు కదలాలి. పది సెకన్ల పని. ఎక్కడ వాడాలంటే:

కోపంగా టైప్ చేసిన మెసేజ్ పంపే ముందు. దవడ బిగుసుకుందా, చెవులు వేడెక్కాయా చూడండి. 'కోపం వచ్చింది' అని పేరు పెడితే చాలాసార్లు వేలు బటన్ మీద నుంచి కాస్త వెనక్కి జరుగుతుంది. పంపాలనిపిస్తే అప్పుడు పంపండి.

ఒక పని నుంచి ఇంకో పనికి మారేటప్పుడు. కుర్చీలోంచి లేచి, రెండు పాదాలూ నేల మీద ఆన్చి, 'ఇప్పుడు ఎక్కడికి, ఎందుకు?' అని బయటికి అనండి. వంటింట్లోకి వెళ్లి ఎందుకొచ్చామో తెలియక నిలబడడం దీనితో తగ్గుతుంది.

పనిలో మునిగిపోయినప్పుడు. లోపల ఉన్నప్పుడు తెలియదు కాబట్టి దీనికి బయటి నుంచి ఏదో కావాలి. కూర్చునే ముందే పెద్ద గ్లాసు నీళ్లు తాగండి. గంటకో గంటన్నరకో లేవక తప్పదు. లేచినప్పుడు ఆ నాలుగడుగులూ పాదాల మీద దృష్టి పెట్టి నడవండి. తిరిగి కూర్చోవాలా, భోజనం చేయాలా అన్నది నిలబడే నిర్ణయించుకోండి.

ఎదుటివాళ్లు మాట్లాడుతున్నప్పుడు వాళ్ల గొంతునే ఆధారంగా తీసుకోవచ్చు. జవాబు నోటిదాకా వచ్చేస్తే కాలివేళ్లు ఒకసారి నేలకి నొక్కండి, వాక్యం పూర్తికానివ్వండి. ఆ మధ్యలో విననిది ఏదైనా ఉంటే 'మళ్లీ ఒకసారి చెప్పండి' అని అడిగేయడమే మర్యాద.

బండి నడుపుతూ మాత్రం ధ్యానం పెట్టుకోకండి. అక్కడ దృష్టి రోడ్డు మీదే ఉండాలి. ఎర్ర లైటు దగ్గర ఆగినప్పుడు భుజాలు దించి ఒక ఊపిరి వదిలితే చాలు.

తప్పేది ఎక్కడ

నిద్ర ముంచుకొస్తే: ఏడీహెచ్‌డీ ఉన్న చాలామందికి రాత్రి నిద్ర ఆలస్యంగా పడుతుంది, కాబట్టి పొద్దున ఐదింటికే కూర్చోవాలన్న నియమం వీళ్లకి పనికిరాదు. నిద్ర లేచి ముఖం కడుక్కున్నాకో సాయంత్రమో నిలబడి చేయండి. పడుకుని చేసేది నిద్రకి ముందు వాడుకోండి, అప్పుడు నిద్ర పడితే మంచిదే.

మందులు వాడుతుంటే: ఏడీహెచ్‌డీకి ఇచ్చే మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందులు పనిచేస్తున్న వేళ సాధన తేలిగ్గా సాగుతుంది. మామూలు మాత్ర ప్రభావం సుమారు నాలుగు గంటలు. నేర్చుకునే రోజుల్లో ఆ వేళలోనే చేయండి. అలవాటయ్యాక ప్రభావం దిగే సాయంత్రం వేళ, చిరాకు ఎక్కువగా ఉండే సమయంలో, ఇంకో మూడు నిమిషాలు నడవండి.

యాప్‌లు పోగుచేయడం: ఏ యాప్ మంచిదో వెతకడంలోనే రెండు గంటలు పోతాయి. ఒకటి చాలు, అసలు లేకపోయినా చాలు. వరసగా ఇన్ని రోజులు అని లెక్కపెట్టే యాప్‌లలో ఒక్కరోజు తప్పగానే అంకె సున్నాకి వస్తుంది, దానితో మొత్తం మానేస్తారు. గోడ క్యాలెండర్ మీద చేసిన రోజున టిక్కు పెట్టండి. ఖాళీ గళ్లని లెక్కపెట్టకండి.

పదిరోజుల మౌన శిబిరాలు: విపశ్యన శిబిరంలో తెల్లవారుజామున నాలుగింటికి లేచి రోజుకి దాదాపు పది గంటలు కూర్చోవాలి, ఎవరితోనూ మాట్లాడకూడదు. గొప్ప సాధనే, కానీ ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్లకి మొదటి మెట్టు అది కాదు. కొన్ని నెలలు ఇంట్లో నిలకడగా చేసి, వాడే మందుల గురించి డాక్టర్‌తోనూ శిబిరం వాళ్లతోనూ ముందే మాట్లాడి అప్పుడు ఆలోచించండి.

భయం, గుండెదడ, పాత చేదు సంఘటనలు పైకి రావడం: వెంటనే కళ్లు తెరవండి, గదిలో కనిపిస్తున్న ఐదు వస్తువుల పేర్లు పైకి చెప్పండి, చల్లటి నీళ్లతో చేతులు కడుక్కోండి. ఓర్చుకుని కూర్చోవడం ఇక్కడ మంచిది కాదు. రెండోసారి కూడా అలాగే జరిగితే ఆపేసి సైకియాట్రిస్ట్‌కో సైకాలజిస్ట్‌కో చెప్పండి.

పిల్లలతో

చిన్నపిల్లలకి ఒక్క నిమిషం చాలు. పడుకోబెట్టి పొట్ట మీద బొమ్మ పెట్టి, అది ఎక్కి దిగడం చూడమనండి. లేదా గుడిగంట లాంటి చిన్న గంట మోగించి, శబ్దం పూర్తిగా ఆగిపోయినప్పుడు చెయ్యెత్తమనండి. ఒక్కో పల్లీ గింజని పొట్టు గరుకు, వాసన, కొరికినప్పుడు వచ్చే చప్పుడు గమనిస్తూ తినడం పెద్ద పిల్లలకి నచ్చుతుంది. పెద్దవాళ్లు పక్కన కూర్చుని తామూ చేయాలి. అల్లరి చేసినందుకు శిక్షగా 'వెళ్లి ధ్యానం చేసుకో' అన్నారంటే ఆ పిల్లలు ఇక దాని జోలికి రారు. రోజంతా స్టడీ అవర్స్‌లో కూర్చునే ఇంటర్ పిల్లలకి ఇంకోసారి కూర్చోమనడం అన్యాయం. సబ్జెక్టు మారేటప్పుడు కారిడార్‌లో రెండు నిమిషాల నడక ఇప్పించండి.

డాక్టర్ దగ్గరికి

ఇదంతా చదివి 'ఇవన్నీ నాలో ఉన్నాయే' అనిపిస్తే ఆన్‌లైన్ క్విజ్‌తో సరిపెట్టుకోకండి. ఏడీహెచ్‌డీ నిర్ధారణకి లక్షణాలు పన్నెండేళ్ల లోపే మొదలై ఉండాలి, ఇంట్లో, బడిలో, ఉద్యోగంలో కనీసం రెండు చోట్ల కనిపించాలి. నిద్రలేమి, థైరాయిడ్ సమస్య, ఆందోళన, డిప్రెషన్ కూడా ఇలాంటి లక్షణాలనే చూపిస్తాయి. సైకియాట్రిస్ట్‌ని కలిసేటప్పుడు పాత ప్రోగ్రెస్ కార్డులు తీసుకెళ్లండి. టీచర్లు రాసిన మాటలు చాలా ఉపయోగపడతాయి. చిన్నతనం తెలిసిన అమ్మనో అన్నయ్యనో వెంట తీసుకెళ్తే ఇంకా మంచిది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కి ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇప్పటికే చికిత్సలో ఉన్నవాళ్లు క్యాలెండర్ మీద పెట్టిన టిక్కుల ఫోటో తీసి, ఏ వేళలో సాధన సాగింది, ఏ వేళలో చిరాకు పెరిగింది అన్నది రెండు ముక్కల్లో రాసుకుని వెళ్లండి. మందు వేళలు సర్దడానికి డాక్టర్‌కి అది పనికొస్తుంది.